కావలివాని కూలి ఎవరివ్వాలి?



రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర, కవుల చరిత్ర మనం విరివిగానే చదువుకున్నాము. పద్దు పుస్తకాల చరిత్రను మాత్రం చదవమని మనకెవ్వరూ చెప్పలేదు. నేను తెలుగు పండితుణ్ణి. ఆర్థికశాస్త్రం నా పాఠ్యాంశం కాదు. అయినా ఉద్యోగ విరమణానంతరం తీరికగా చదువుకొంటున్నప్పుడు ఒక చిన్న ప్రశ్న నన్ను పట్టుకొని వదలలేదు. కర్మాగారంలో బాయిలరు పేలకుండా, ఏటిలో పడవ మునగకుండా, నగరంలో మేడ అంటుకోకుండా చూడడానికి ప్రభుత్వం ఒక పరీక్షాధికారిని నియమిస్తుంది. ఆయన జీతం ఎవరు ఇవ్వాలి? పన్ను కట్టే ప్రజలా? పరీక్షకు లోనయ్యే యజమానియా? తప్పు చేసి దొరికినవాడా?

వినడానికిది గుమాస్తాల ప్రశ్నలాగా వుంటుంది. కాని రెండువందల యేళ్ళ చరిత్రను తిరగేస్తే, ఈ ప్రశ్నకు చెప్పుకొన్న సమాధానాన్నిబట్టే ఆ అధికారి కంటికి ఏమి కనిపించినదీ, ఏమి కనిపించనిదీ నిర్ణయమైనట్లు తోస్తుంది. అందుకే ఈ టపా.

కళ్ళంలో మేర

ముందు మన ఊరి సంగతి చూద్దాము. పూర్వం గ్రామానికి తలారి వుండేవాడు. పంటనూ ఊరినీ కాచేవాడు. పంట నూర్చిన కళ్ళంలోనే, ధాన్యం ఇంటికి చేరకముందే, అతనికి మేర కొలిచి ఇచ్చేవారు. ఆ యేడు దొంగలు పడ్డా, పడకున్నా మేర మేరే. దొంగను పట్టినప్పుడల్లా ఇంత అని బేరం కుదుర్చుకొని వుంటే ఏమయ్యేదో ఊహించండి. దొంగలు లేని యేడు తలారి పస్తుండవలసి వచ్చేది. పస్తుండడం ఇష్టం లేని తలారికి దొంగలు కావలసి వచ్చేవారు. మేరను ఒక్క ఆసామి మాత్రమే ఇచ్చివుంటే తలారి ఆ ఆసామి చేనునే కాచేవాడు, ఆ ఆసామి దొంగతనాన్ని చూడనట్లే వుండేవాడు. ఉప్పు తిన్న విశ్వాసం అంటే అదే కదా!

మేరలో మూడు లక్షణాలున్నాయి. అందరూ ఇస్తారు. ముందే నిర్ణయమైన కొలత ప్రకారం ఇస్తారు. తలారి ఏమి కనిపెట్టాడు అన్నదానితో ఆ కొలతకు సంబంధం లేదు. ఈ మూడింటినీ మనసులో వుంచుకొని ముందుకు పోదాము.

పౌతవాధ్యక్షుని కాకణి

మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో తాళపత్రాలలో దాగి, 1909లో ఆర్. శామశాస్త్రిగారి చేతిమీదుగా అచ్చయిన కౌటిలీయ అర్థశాస్త్రంలో, అధ్యక్షప్రచారమనే రెండవ అధికరణంలో, పౌతవాధ్యక్షుడనే అధికారి వున్నాడు. తూనికరాళ్ళు, కొలతపాత్రలు సరిచూసి ముద్ర వేయించడం ఆయన పని. నాలుగు మాసాలకొకసారి ఆ ముద్ర వేయించుకోవాలి. వేయించుకోనివానికి దండం ఇరవైయేడుంబావు పణాలు. ముద్ర నిమిత్తం వర్తకులు రోజుకొక కాకణి చొప్పున పౌతవాధ్యక్షునికి చెల్లించాలి.

కాకణి పణంలో అరవైనాలుగవ వంతు. నాలుగు మాసాలకు నూటయిరవై కాకణులు, అంటే రెండు పణాలకు కాస్త తక్కువ. దండం దానికి పధ్నాలుగు రెట్లకు పైమాటే. ఈ లెక్కలోని మర్మం గమనించండి. రుసుము చిన్నది, నియతమైనది, నిజాయతీపరుడూ మోసగాడూ సమానంగా ఇచ్చేది. దండం పెద్దది, అరుదైనది, తప్పు చేసినవాడు మాత్రమే చెల్లించేది. రుసుము పరీక్ష వ్యయం కోసం, దండం భయం కోసం. రెండింటికీ రెండు వేర్వేరు పేర్లు, రెండు వేర్వేరు ప్రయోజనాలు. వీటిని కలిపితే ఏమవుతుందో తెలుసుకోవడానికి లోకానికి చాలాకాలం పట్టింది.

అధికారుల నిజాయతీ మీద కౌటిల్యునికి పెద్ద భ్రమలేమీ లేవు. ఆయన చెప్పిన చేపల ఉపమానం ప్రసిద్ధమే. అందువల్లనే లెక్క కట్టుదిట్టంగా వుండాలని పట్టుబట్టాడు. మనిషిని నమ్మడం కంటె ఏర్పాటును సరిదిద్దడం మేలని ఆయన మతం.

వేతనం లేని పరీక్షకులు

ఇక ఆవిరియంత్రాల కాలానికి వద్దాము. అది ముందుగా ఇంగ్లండులో మొదలైనది. నూలు మిల్లులలో పసిపిల్లలు రాత్రింబవళ్ళు పనిచేసేవారు. 1802లో పార్లమెంటు ఒక చట్టం చేసి, మిల్లులను చూసి రావడానికి ప్రతి ప్రాంతంలోనూ ఇద్దరు సందర్శకులను నియమించమన్నది. ఒకరు న్యాయాధికారి, మరొకరు మతాచార్యుడు. ఇద్దరికీ జీతం లేదు. ఆ ప్రాంతపు మిల్లు యజమానులకు వారు చుట్టాలో స్నేహితులో అయివుండేవారు. ఫలితం చెప్పనక్కరలేదు. చట్టం కాగితం మీద నిలిచిపోయినది.

ముప్పైయొక్క యేళ్ళ తరువాత, 1833లో మరొక చట్టం వచ్చినది. ఈసారి నలుగురు పరీక్షాధికారులు, ఒక్కొక్కరికి సాలుకు వెయ్యి పౌండ్ల జీతం, ప్రభుత్వ ఖజానా నుంచి. ఆ కాలానికది ఘనమైన జీతం. అయితే ఆ నలుగురి చేతిలో పెట్టిన మిల్లులు సుమారు మూడువేలు! వారిలో ఒకరైన లెనార్డ్ హార్నర్ 1859 దాకా ఆ కొలువులో వుండి, యజమానుల ఆగ్రహాన్ని లెక్కచేయక నివేదికలు వ్రాశాడు. కారల్ మార్క్స్ తన మహాగ్రంథంలో ఆ నివేదికలనే విరివిగా ప్రమాణంగా చూపి, హార్నరును మనసారా మెచ్చుకొన్నాడు. హార్నర్ వ్యక్తిగతంగా ధీరుడే, సందేహం లేదు. కాని ఆయన ధైర్యానికి ఒక ఆధారముంది. తనకు జీతమిచ్చే చేయి మిల్లు యజమానిది కాదు.

ఇందులోనే రెండవ పాఠం కూడ వుంది. ఖజానా జీతం స్వేచ్ఛనిచ్చినది కాని సంఖ్యనివ్వలేదు. మూడువేల మిల్లులకు నలుగురంటే, ఒక్కొక్కరికి ఏడువందల యాభై. ప్రభుత్వ సొమ్ముతో నడిచే కావలికి ఎన్నటికీ తీరని చిక్కు ఇది.

అయిదు డాలర్ల ముద్ర

ఇంగ్లండు ఖజానా మార్గం పట్టిన ఆ దశకంలోనే అమెరికా మరొక మార్గం పట్టినది. అక్కడి మహానదుల మీద ఆవిరిపడవలు పరుగులు తీసేవి, తరచుగా పేలిపోయేవి. 1838 ఏప్రిల్ 25న సిన్సినాటి వద్ద ‘మోజెల్’ అనే పడవ బాయిలర్లు బద్దలై వందమందికి పైగా మరణించారు. అదే సంవత్సరం జూలై 7న చట్టం వచ్చినది. పడవ దేహాన్నీ, బాయిలరునూ నియతకాలాలలో పరీక్షించాలి. పరీక్షకులను జిల్లా న్యాయమూర్తులు నియమించాలి. ఒక్కొక్క పరీక్షకు పడవ యజమాని అయిదు డాలర్లు పరీక్షకునికి చెల్లించాలి.

పైకి చూస్తే ఎంత న్యాయంగా వున్నది! ప్రజల సొమ్ము ఖర్చు కాదు. లాభం పొందేవాడే ఖర్చు భరిస్తాడు. కాని ఆ అయిదు డాలర్లు ఏ క్షణంలో చేతులు మారుతున్నాయో చూడండి. ముద్ర పడే క్షణంలో. కఠినంగా చూసేవాడి దగ్గరకు రెండవసారి ఎవరు వస్తారు? ఒక రేవులో పరీక్షకుడు నిక్కచ్చివాడైతే పడవ మరొక రేవుకు పోతుంది. ఉదారంగా చూసేవాడికి పని పెరుగుతుంది, నిజాయతీపరునికి తరుగుతుంది. ఎవరూ లంచం తీసుకోనక్కరలేదు. ఆ ఏర్పాటే లంచం పని చేస్తుంది. పేలుళ్ళు ఆగలేదు.

పధ్నాలుగేళ్ళ అనుభవం తరువాత, 1852 ఆగస్టు 30న, అమెరికా తన చట్టాన్ని తానే తిరగ వ్రాసుకొన్నది. పరీక్షకులకు నియత జీతాలు ఏర్పరచినది. వారిపైన తొమ్మిదిమంది పర్యవేక్షకులను పెట్టి, యేటేటా అందరూ సమావేశమై దేశమంతటికీ ఒకే రీతిని నియమాలు కూర్చుకోవాలన్నది. బాయిలర్లకు నీటి ఒత్తిడితో పరీక్ష తప్పనిసరి చేసినది. పడవల యజమానులు రుసుము చెల్లించడం మానలేదు సుమా! ఆ రుసుము పరీక్షకుని జేబులోకి పోవడం మాత్రం ఆగినది. సొమ్ము అదే, సొమ్ము దారి మారినది.

దారి మారినంత మాత్రాన కష్టాలన్నీ తీరవు. 1865 ఏప్రిల్ 27న మెంఫిస్ సమీపంలో ‘సుల్తానా’ పేలి వెయ్యిమందికి పైగా మరణించారు. యుద్ధఖైదు నుండి విడుదలై ఇంటిముఖం పట్టిన సైనికులు వారు. ఆ పడవకు చట్టం అనుమతించినది 376 మందిని. ఎక్కించినది రెండువేలకు పైగా. కారణం? సిపాయికి అయిదు డాలర్లు, అధికారికి పది డాలర్లు చొప్పున ప్రభుత్వం తలసరి కిరాయి ఇస్తున్నది. దారిలో విక్స్‌బర్గ్ వద్ద బీటవారిన బాయిలరుకు హడావిడిగా అతుకు వేసి బయలుదేరదీశారు. పూర్తి మరమ్మతుకు ఆగితే ఆ తలలు మరొక పడవకు పోతాయి. పరీక్షకుని కొలువును సరిదిద్దిన దేశం కిరాయి పద్దును సరిదిద్దుకోలేదు. లెక్కల పుస్తకంలో ఒక పుటను శుభ్రపరచి పక్క పుటను వదిలివేస్తే జరిగేదిదే.

కలకత్తా నుంచి 1923 దాకా

ఈ ఆవిరి మన దేశానికీ వచ్చినది. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు మరణించారు. ఆ దుర్ఘటన ఫలితంగా 1864లో బెంగాలులో బాయిలర్ల పరీక్షకు చట్టం పుట్టినది. తరువాత ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క తీరున చట్టాలు చేసుకొన్నది. ఒకచోట పనికివచ్చిన బాయిలరు మరొకచోట పనికిరానిదయ్యేది. ఆ గందరగోళాన్ని తీర్చడానికి 1923లో అఖిల భారత బాయిలర్ల చట్టం వచ్చినది. పేరు నమోదుకూ పరీక్షకూ బాయిలరు పరిమాణాన్నిబట్టి రుసుము. పరీక్షాధికారి ప్రభుత్వోద్యోగి. రుసుము ప్రభుత్వ బొక్కసానికి, జీతం ప్రభుత్వ బొక్కసం నుంచి. మేర లక్షణాలు మూడూ ఇందులో వున్నాయి. అందరూ ఇస్తారు, ముందే తెలిసిన కొలతతో ఇస్తారు, పరీక్ష ఫలితంతో నిమిత్తం లేకుండా ఇస్తారు. నూరేళ్ళకు పైగా నిలిచి, 2025లో కొత్త చట్టానికి చోటిచ్చిన ఆ పాత చట్టంలో నాకు నచ్చిన అంశమిది.

గంటకు నూటయిరవైనాలుగు పౌండ్లు

మళ్ళీ ఇంగ్లండుకు పోవలసి వున్నది. ఎందుకంటే ఈ ప్రశ్న మీద మన కాలంలో జరిగిన పెద్ద ప్రయోగం అక్కడే జరిగినది. 1974 నాటి చట్టం ప్రకారం, అప్పటిదాకా చెదురుమదురుగా వున్న పరీక్షా శాఖలను కలిపి, ‘హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్’ అనే సంస్థను 1975 జనవరిలో నెలకొల్పారు. 1974లో ఆ దేశంలో పనిచేసేచోట ప్రమాదాల వల్ల మరణించిన ఉద్యోగులు 651 మంది. 2023-24లో మరణించిన పనివారు 138 మంది. గనులూ భారీ పరిశ్రమలూ తగ్గిపోవడం కూడ ఇందుకు ఒక కారణమే. అయినా కావలి పనిచేసినదనడంలో సందేహం లేదు.

విచిత్రమేమంటే, కావలి బాగా పనిచేసినకొద్దీ దాని అవసరం జనానికి కనబడదు. జరగని ప్రమాదానికి ఫోటో వుండదు. ఆయవ్యయ పట్టిక వ్రాసే మంత్రికి, ఆస్పత్రిలో మంచం తగ్గించడం కష్టం, పరీక్షాధికారిని తగ్గించడం సులభం. 2010లో ఆ దేశం పొదుపు ఉద్యమం చేపట్టినప్పుడు ఈ సంస్థకు ప్రభుత్వమిచ్చే సొమ్ములో నాలుగేళ్ళలో 35 శాతం కోత పెట్టారు. ఆ గండి పూడ్చడానికి 2012 అక్టోబరు 1న కొత్త రుసుము వచ్చినది. పరీక్షాధికారి వచ్చి చూసినప్పుడు చట్టాన్ని చెప్పుకోదగినంతగా ఉల్లంఘించినట్లు ఆయనకు తోస్తే, ఆయన వెచ్చించిన ప్రతి గంటకూ ఆ యజమాని 124 పౌండ్లు చెల్లించాలి. తప్పు లేకపోతే పైసా ఇవ్వనక్కరలేదు. ఆ గంట రేటు 2024 ఏప్రిల్‌కు 174 పౌండ్లయినది.

దీని పక్షాన గట్టి వాదమే వున్నది. చట్టాన్ని పాటించే పదిమంది పన్నుతో, పాటించని పదకొండవవాని వెంట పరీక్షకుడు తిరగడం న్యాయమా? తప్పు చేసినవాడే ఆ శ్రమకు వెల కట్టాలి. ఈ మాటను నేను తోసిపుచ్చలేను. కాని కౌటిల్యుడు విడదీసి వుంచిన రెండింటిని ఇక్కడ కలిపివేశారు. పేరుకు ఇది ఖర్చు వసూలు, జరిమానా కాదు. చెల్లించేవాడికి మాత్రం జరిమానాలాగానే తగులుతుంది. న్యాయస్థానం గడప తొక్కకుండానే, తప్పు నిర్ణయించేదీ బిల్లు వ్రాసేదీ ఒకే సంస్థ. పైగా ఆ బిల్లు మీద ఆ సంస్థ మనుగడ కొంత ఆధారపడి వున్నది.

పరీక్షాధికారులు బిల్లుల కోసం తప్పులు వెదికారని నేననడం లేదు. చెడు ఇంకా సూక్ష్మమైనది. పూర్వం ఒక చిన్న వర్క్‌షాపు యజమాని ‘అయ్యా, ఈ యంత్రానికి కంచె ఎలా పెట్టమంటారు?’ అని పరీక్షాధికారినే అడిగేవాడు. గంటకు వెల కట్టిన తరువాత ఆ నోరు మూతపడుతుంది. అడిగితే లోపం బయటపడుతుంది, బయటపడితే బిల్లు వస్తుంది. ప్రమాదం గురించి ముందుగా తెలియవలసిన సంస్థకే ఆ సంగతి చివర తెలిసే పరిస్థితి ఏర్పడుతుంది. 2014 జనవరిలో ఆ సంస్థను సమీక్షించిన మార్టిన్ టెంపుల్, ప్రమాద నివారణ సంస్థ ఆదాయాన్ని జరిమానా వంటి వసూలుతో ముడిపెట్టడం అపాయకరమైన పద్ధతి అని తేల్చాడు. ఆ ముడినైనా విప్పాలి, లేదా మేలు కీడు కంటె ఎక్కువని నిరూపించాలి, రెండూ కాకపోతే ఆ రుసుమును క్రమంగా ఎత్తివేయాలి అన్నాడు. ఆయన స్వయంగా అప్పట్లో తయారీదారుల సంఘానికి అధ్యక్షుడు. కనుక ఆయన మాటను కొంత తగ్గించి చూడవచ్చు. కాని బిల్లు మీద తగవు వస్తే తీర్పు చెప్పేవారిలో ఎక్కువమంది ఆ సంస్థ మనుషులే కావడాన్ని ఒక కంపెనీ న్యాయస్థానంలో సవాలు చేసినప్పుడు, సంస్థ తానే దిగివచ్చి 2017 సెప్టెంబరు నుంచి స్వతంత్రమైన తగవు సంఘాన్ని ఏర్పాటు చేసినది. ముడి విప్పలేదు కాని, ముడి మీద ఒక బయటి కన్ను పెట్టారు.

మా ఉపాధ్యాయ వృత్తికి ఇది తెలియని కథ కాదు. అదే ఇంగ్లండులో 1862లో బడులకిచ్చే గ్రాంటును పిల్లలు పరీక్షలో తేలిన తీరుతో ముడిపెట్టారు. అదే పద్ధతి మన మద్రాసు రాజధానికీ వచ్చినది. ఇన్‌స్పెక్టరు రాకకు పిల్లలకు పాఠం కంఠతా పట్టించడమే చదువైపోయినది. దేనిని లెక్కపెట్టి సొమ్మిస్తామో అదే పెరుగుతుంది. చదువుకు కొలత తలలు కానట్లే, భద్రతకు కొలత తప్పులు కావు.

సొమ్ము వున్నా మనుషులు లేకపోతే

2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ అనే ఎత్తైన మేడ అంటుకొని 72 మంది చనిపోయారు. ఆ మంటల వెలుగులో, మేడలు కట్టేవారే తమకు నచ్చిన పరీక్షకుని నియమించుకొని సొమ్మిచ్చే పద్ధతి ఆ దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్నదని అందరి దృష్టికీ వచ్చినది. 1838 నాటి అయిదు డాలర్ల ముద్ర అన్నమాట! 2022లో చట్టం చేసి, ఎత్తైన భవనాలకు కొత్త నియంత్రకుణ్ణి ఏర్పాటు చేశారు. భవనం నమోదుకు 251 పౌండ్లు, అనుమతి దరఖాస్తును పరిశీలించడానికి గంటకు 144 పౌండ్లు అని మొదట నిర్ణయించారు. ఇకమీద పరీక్షకుని ఎంచుకొనే హక్కు కట్టేవాడికి లేదు. ఇది మంచి మార్పే.

అయితే మరొక లోపం బయటపడినది. పన్నెండు వారాలలో తేలవలసిన దరఖాస్తులు 2024, 2025 సంవత్సరాలలో నెలల తరబడి తేలలేదు. రుసుము రేటు మరునాడే ప్రకటించవచ్చు. నిర్మాణం, అగ్ని, లోహం తెలిసిన పరీక్షాధికారి మరునాడు తయారు కాడు. అతని చదువుకూ శిక్షణకూ సంవత్సరాలు పడుతుంది. కనుక ఖర్చు రాబట్టుకోవడమంటే ఈ సంవత్సరపు జమాఖర్చు సరితూగడం కాదు. అయిదేళ్ళ తరువాత ఎంతమంది కావాలో లెక్కగట్టి, వారి శిక్షణ వ్యయాన్ని ఈనాటి రుసుములోనే కలుపుకోవడం. విత్తనాల ఖర్చును కూడ పంటలో లెక్కవేసుకొనే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

రుసుమా, పన్నా?

ఇక మన దేశంలో న్యాయస్థానాలు ఈ విషయం ఎలా చూశాయో రెండు తీర్పుల ద్వారా చెబుతాను. రెండింటికీ మనతో సంబంధమున్నది.

1951లో మద్రాసు ప్రభుత్వం హిందూ ధర్మాదాయాల చట్టం చేసి, మఠాలూ ఆలయాల పర్యవేక్షణ వ్యయానికని వాటి ఆదాయంలో ఒక భాగం వసూలు చేయబోయినది. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనే వున్నాయి. ఉడుపి ప్రాంతపు శిరూరు మఠాధిపతి వేసిన వ్యాజ్యంలో 1954లో సుప్రీంకోర్టు ఆ వసూలును కొట్టివేసినది. రుసుము అంటే చేసిన సేవకు ప్రతిఫలం. వసూలు చేసిన సొమ్మును విడిగా వుంచక, సేవ వ్యయంతో పొంతన చూపక, సాధారణ ఖజానాలో కలిపివేస్తే అది రుసుము కాదు, పన్ను అవుతుంది అని ఆ తీర్పు సారాంశం. తరువాత మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల రుసుము మీద శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ వ్యాజ్యంలో 1983లో అదే న్యాయస్థానం ఆ కట్టును కొంత సడలించినది. ఇచ్చినదానికీ పుచ్చుకొన్నదానికీ అణాపైసలతో సరితూకం అక్కరలేదు, స్థూలంగా పొంతన వుంటే చాలునన్నది.

ఈ సడలింపు పాలనకు సౌకర్యమే. కాని దాని నీడలో ఒక ప్రశ్న మరుగునపడినది. మన రాష్ట్రాలలో కర్మాగారాల లైసెన్సు రుసుమును చిరకాలంగా యంత్రాల అశ్వశక్తినీ, పనివారి సంఖ్యనూ బట్టి నిర్ణయిస్తూ వచ్చారు. కొలత మంచిదే, ముందే తెలిసినదే. ఆ సొమ్ము ఖజానాకు చేరుతుంది. శాఖకు కేటాయింపు శాసనసభ ద్వారా వస్తుంది. రెండింటికీ మధ్య ముడి లేదు. ముడి లేకపోవడం వల్ల పరీక్షాధికారి తీర్పు స్వేచ్ఛగా వుంటుంది. ఆ మేలు వున్నది. కాని భద్రత పేరిట ఎంత వసూలైనది, భద్రతకు ఎంత వెచ్చించారు అని రెండు అంకెలు పక్కపక్కన వ్రాసి జనానికి చూపించే బాధ్యత కూడ ఎవరికీ లేకుండా పోయినది.

ఈ ఉదాసీనతకు వెల వున్నది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి నిద్రలో వున్నవారిని కమ్ముకొని 12 మందిని బలిగొన్నది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది. 2025 జూన్ 30న పాశమైలారంలో నలభైమందికి పైగా. ప్రతి ప్రమాదానికీ దాని కారణం దానిదే. అన్నింటినీ ఒక్క పద్దుకు అంటగట్టడం అన్యాయం. కాని ప్రతిసారీ ప్రమాదం తరువాతనే సంఘాలు, ప్రమాదం తరువాతనే పరిహారాలు. వాన వెలిశాక గొడుగు కొంటున్నాము. ఆ పరిహారపు సొమ్ము ముందుగానే పరీక్షాధికారి జీతంగా పోయివుంటే అన్న ఆలోచన కలగక మానదు.

పైగా చట్టాలు మారుతున్నాయి. 2007లో బాయిలర్ల చట్టాన్ని సవరించి, ప్రభుత్వోద్యోగులు కాని అర్హులైన వ్యక్తులచేత కూడ పరీక్ష చేయించుకొనే అవకాశం కల్పించారు. 2025 నవంబరు 21 నుంచి కర్మాగారాల చట్టం స్థానంలో కొత్త భద్రతా స్మృతి అమలులోకి వచ్చినది. అందులో ఇన్‌స్పెక్టరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అయ్యాడు, అంటే తనిఖీ చేసేవాడే తోడ్పడేవాడు కూడ. బాయిలర్లు వేలు, ఉద్యోగులు కొద్దిమంది. కాబట్టి బయటివారి సహాయం అవసరమే. తోడ్పడడమూ మంచి మాటే. కాని యజమాని తానే ఎంచుకొని, తానే సొమ్మిచ్చే పరీక్షకుడు అనగానే నాకు సిన్సినాటి రేవు గుర్తుకు వస్తుంది. ఆ బయటి పరీక్షకుణ్ణి కేటాయించేదీ, ఆయన రుసుము చెల్లించేదీ ప్రభుత్వమే అయి, యజమాని ఆ సొమ్మును ప్రభుత్వానికి ముందుగా జమకట్టే ఏర్పాటు చేస్తే ఆ దోషం పోతుంది. 1852లో అమెరికా చేసినది అదే కదా!

తేలిన సంగతి

ఇంత చరిత్రలో నాకు అర్థమైనది చెప్పి ముగిస్తాను. కావలికి సొమ్ము ఎవరిదన్నది సగం ప్రశ్న మాత్రమే. ఏ క్షణంలో ఇస్తారు, ఏ చేతిమీదుగా ఇస్తారు అన్నది తక్కిన సగం. ముద్ర పడే క్షణంలో ఇస్తే కన్ను మూతపడుతుంది. తప్పు దొరికే క్షణంలో ఇస్తే తప్పును దాచడం మొదలవుతుంది. ఖజానా నుంచి మాత్రమే ఇస్తే కన్ను తెరిచే వుంటుంది కాని, కరవు సంవత్సరంలో మొదటి కోత దానికే పడుతుంది. కనుక ప్రమాదాన్ని సృష్టించే పరిశ్రమే, ఆ ప్రమాదపు పరిమాణాన్నిబట్టి, యేటేటా, పరీక్ష ఫలితంతో సంబంధం లేకుండా రుసుము చెల్లించాలి. జరిమానా విధించేది న్యాయస్థానం కావాలి, ఆ జరిమానా పరీక్షా శాఖకు చేరకూడదు. వసూలైనదీ వెచ్చించినదీ సంవత్సరాంతాన ఒకే పుటలో అచ్చువేయాలి.

దేహళీదీప న్యాయమని ఒకటున్నది. గడపమీద పెట్టిన దీపం ఇంటిలోనికీ వీధిలోనికీ వెలుగునిస్తుంది. భద్రతా శాఖ పద్దు పుస్తకం అలాంటి దీపం కావాలి. లోపలి ఉద్యోగికి రేపటి ప్రణాళిక కనబడాలి, వీధిలోని పౌరునికి తన ప్రాణానికి ఎంత ఖర్చు పెడుతున్నారో కనబడాలి. ఆ దీపాన్ని గడపమీదికి తెమ్మని అడగవలసినవారము మనమే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో వున్నది. మీ జిల్లాలో కర్మాగారాల శాఖకు మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, వసూలైన రుసుమెంత అని ఒక్క దరఖాస్తు వ్రాయండి. రుసుము పది రూపాయలు. తలారికి మనం కొలిచే మేర ఈ కాలానికి అదేనేమో!

అడిగినవారికి వచ్చిన జవాబు ఏమిటో తెలియజేస్తే సంతోషిస్తాను. సెలవు.